బేస్ పెంచమంటారు, పేరు అడగరు

పాటకు కింది స్వరాలు వాయించే నాలుగు తీగల గిటార్ బేస్ గిటార్. దాని తీగలను ఉడకబెడతారని నాకు పదిహేడేళ్ల వయసులో తెలిసింది. హన్మకొండలో మా ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే అన్న ఇంటికి ఒకరోజు పొద్దున్నే వెళ్లాను. పొయ్యి మీద స్టీలు గిన్నె, అందులో మరుగుతున్న నీళ్లు, ఆ నీళ్లలో చుట్టలు చుట్టిన నాలుగు తీగలు. నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. బేస్ తీగ అంటే ఒక లావు తీగ మీద సన్న తీగ చుట్టి చేసేది. వేళ్ల చెమట, జిడ్డు ఆ చుట్ల సందుల్లో చేరితే తీగ మొద్దుబారి, దాని మోతలోని మెరుపు పోతుంది. పావుగంట మరిగిస్తే ఆ మురికి వదులుతుంది. అన్న పట్కారుతో ఒక్కో తీగనూ ఎత్తి, పాత బనీను గుడ్డతో తుడిచి, దండెం మీద ఆరేశాడు. "వారం దినాలు కొత్తదాని లెక్క మోగుతది తమ్మీ. తర్వాత మల్ల ఉడకవెట్టుడే" అన్నాడు. కొత్త సెట్టు కావాలంటే హైదరాబాద్ పోవాలి, మూడు ప్రోగ్రాముల పైసలు పెట్టాలి. వదిన ఆ గిన్నెను కడిగి వంటగిన్నెలకు దూరంగా కిటికీలో బోర్లించింది. అది తీగల గిన్నె. దాంట్లో ఇంకేమీ వండరు.

ఆ రాత్రే వినాయక నవరాత్రుల ప్రోగ్రాం. ఉడికిన తీగలు బిగించుకొని అన్న స్టేజీ మీద డ్రమ్ముల పక్కన, లైటు పడని చోట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నేను రిథమ్ ప్యాడ్ వెనక వైర్లు సర్దే పిల్లగాణ్ని. రెండో పాట అయిపోయాక యాంకర్ ఒక్కొక్కరినీ పరిచయం చేశాడు. గాయనీ గాయకులు, కీబోర్డు, ప్యాడ్స్, తబలా, ఫ్లూట్, అందరికీ చప్పట్లు. చివర "ఇంకా మన మిగతా మిత్రబృందం" అన్నాడు. అన్న ఆ మిగతాలో ఉన్నాడు. తల దించుకొని ట్యూనింగ్ సరిచూసుకుంటున్నాడు. నాలుగు గంటల ప్రోగ్రాంలో ఒక్క పాట కూడా ఆయన లేకుండా జరగలేదు.

ఇరవై ఏళ్లు దాటినా ఆ "మిగతా" నాకు మింగుడు పడలేదు. ఈ వ్యాసం దాని గురించే.

ఇప్పుడు వరంగల్‌లో బేస్ అనే మాట వినని మనిషి లేడు. బరాత్ వస్తుంటే రెండు గల్లీల అవతలి నుంచే కిటికీ అద్దాలు అదురుతాయి. డీజే బండి మీద నిలువెత్తు బాక్సులు, వాటి ముందు పిల్లలు, "అన్నా బేస్ పెంచు" అనే కేకలు. కారు కొంటే డిక్కీలో వూఫర్ పెట్టించుకుంటారు. ఇయర్‌ఫోన్ కొనేటప్పుడు మొదటి ప్రశ్న "బేస్ ఎట్లుంటది?" అనే. అంటే మోత అందరికీ కావాలి. ఆ మోతను ఎవరో ఒక మనిషి వేళ్లతో, ఒక్కో స్వరం ఎంచుకొని వాయించాడన్న సంగతి మాత్రం ఎవరి దృష్టిలోనూ లేదు. బేస్ అంటే బాక్సులో ఉండే ఒక బటన్ అనుకునే దాకా వచ్చాం.

దీనికి నాకు చాలామంది ఒకే జవాబు చెప్తారు. "అది పునాది లాంటిది, పునాది కనబడదు కదా, కనబడకపోవడమే దాని గొప్పతనం" అని. మర్యాదగా, మెచ్చుకోలుగానే అంటారు. నేను ఈ మాటను ఒప్పుకోను. కనబడకపోవడమే గొప్పతనం అని ఒక మనిషికి చెప్పడం మొదలుపెడితే ఆ మనిషి పేరు రాయనక్కర్లేదు, ఫొటోలో నిలబెట్టనక్కర్లేదు, అందరితో సమానంగా పైసలు ఇవ్వనక్కర్లేదు. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డుకు పదిహేను వందలు ఇచ్చిన రోజున బేస్‌కు ఏడు వందలు ఇచ్చేవాళ్లు. అడిగితే ఈ పునాది మాటే వినిపించేది.

పునాది సంగతి వరంగల్ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఇంటికి చుట్టం వస్తే వేయి స్తంభాల గుడికి తీసుకెళ్తాం, రామప్పకు తీసుకెళ్తాం. తీసుకెళ్లి మనం ముందు చెప్పేది ఏమిటి? కాకతీయులు గుడి కింద ఇసుక పోసి దాని మీద కట్టారు, భూమి కదిలితే ఆ ఇసుక సర్దుకుంటుంది అని. కంటికి కనబడని ఆ ఇసుక గురించి చిన్న పిల్లలు కూడా గర్వంగా చెప్తారు. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి, మళ్లీ నిలబెట్టి, 2024లో తెరిచేదాకా ఊరంతా ఆ పునాది ముచ్చటే. అంతకంటే పెద్ద సంగతి రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, లోపలి దేవుడు రామలింగేశ్వరుడు. అయినా గుడికి పేరు ఎవరిది? చెక్కిన శిల్పిది అని మన పెద్దలు తరతరాలుగా చెప్తూ వస్తున్నారు. కట్టించిన సేనాని పేరు పక్కకు జరిగి, ఉలి పట్టినవాడి పేరు నిలబడింది. 2021లో యునెస్కో జాబితాలో చేరినప్పుడు కాకతీయ రుద్రేశ్వర ఆలయం అన్న పేరు పక్కన రామప్ప పేరు కూడా రాశారు. పనిచేసినవాడి పేరు గుడికి పెట్టుకున్న నేల మీద పుట్టి, స్టేజీ మీది మనిషిని మిగతా అనడం నాకు నచ్చదు.

బేస్ ఏం చేస్తుందో ఒకసారి దగ్గర నుంచి చూపించాలి. లేకపోతే ఈ వాదన గాలిలో ఉండిపోతుంది.

కీబోర్డు మీద సి, ఈ, జీ అనే మూడు మెట్లు కలిపి నొక్కి పట్టుకోండి. సి మేజర్ కార్డ్. కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల గుంపు. వెలుతురున్న గదిలా నిబ్బరంగా ఉంటుంది. కింద బేస్ కూడా సి వాయిస్తే ఆ నిబ్బరం ఇంకా గట్టిపడుతుంది. ఇప్పుడు కీబోర్డు చెయ్యి కదలొద్దు, గాయకుడి స్వరం మారొద్దు, బేస్ ఒక్కటే సి వదిలి కిందున్న "ఏ" అనే స్వరం మీదికి దిగాలి. పైన అవే మూడు స్వరాలు, కానీ కార్డ్ మైనర్ అయిపోయింది. పాటలోకి ఎక్కడి నుంచో దిగులు వచ్చింది. అన్న నాకు దీన్ని రిహార్సల్ గదిలో చూపించిన రోజు నేను పదిసార్లు మళ్లీ మళ్లీ చేయించుకున్నాను. వినేవాడు గాయకుడి గొంతులోనే బాధ ఉందనుకుంటాడు. నిజానికి ఆ బాధను అక్కడ పెట్టింది కింది తీగ మీద జరిగిన ఒక్క వేలు.

ఇంకోటి, స్వరాన్ని ఎప్పుడు ఆపాలన్నది. బేస్‌లో మొదలుపెట్టడం ఎంత ముఖ్యమో ఆపడం అంత ముఖ్యం. డ్రమ్ము దెబ్బ దగ్గర స్వరాన్ని టక్కున కోసేస్తే కాలు దానంతట అదే ఆడుతుంది. తర్వాతి దెబ్బ దాకా సాగదీస్తే అదే పాట జోలపాటలా ఒరిగిపోతుంది. ఒకసారి రిహార్సల్‌లో నేను అన్నతో "బేస్ ఎవ్వరికి వినిపిస్తలేదేమో అన్నా" అన్నాను. ఆయన ఏం అనకుండా రెండో చరణం మధ్యలో చేతులు తీగల మీద బోర్లించి ఊరుకున్నాడు. నాలుగు వరుసలు గడవకముందే గాయని వెనక్కి తిరిగి చూసింది. తబలా ఆయన లయ తప్పిందేమోనని తల ఎత్తాడు. కీబోర్డాయన వాల్యూమ్ సరిచేసుకున్నాడు. తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు, ఏదో పోయిందని మాత్రం అందరికీ తెలిసింది. "ఉన్నప్పుడు ఎవ్వలడగరు తమ్మీ. తీసి చూడు, అప్పుడు ఎతుకుతరు" అన్నాడు.

మన చెవుల తప్పు కూడా కొంత ఉంది, దానికంటే మన ఫోన్ల తప్పు ఎక్కువ. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ అల పొడవు 8 మీటర్ల పైనే. అంగుళం కూడా లేని ఫోన్ స్పీకర్ అంత గాలిని కదపలేదు. ఆ తీగతో పాటే పుట్టే పై స్వరాల జాడను బట్టి మన మెదడు కింది స్వరాన్ని ఊహించుకొని నింపుకుంటుంది. అంటే ఫోన్‌లో పాట వింటున్నవాడు బేస్‌ను వినడం లేదు, ఊహించుకుంటున్నాడు. డీజే బాక్సుది దానికి ఎదురు తప్పు. అక్కడ అన్ని కింది స్వరాలూ ఒకే మోతగా కలిసిపోయి, ఏ వేలు ఎటు జరిగిందో తెలియదు. ఒకచోట లేమి, ఒకచోట అతి. రెండింటి మధ్యా మంచి హెడ్‌ఫోన్‌తో నిమ్మళంగా కూర్చుంటే తప్ప ఆ మనిషి చెవికి దొరకడు.

పేరు రాయకపోవడం మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. బేస్ గిటార్ పుట్టిన అమెరికాలోనే ఇంతకంటే పెద్ద అన్యాయం జరిగింది. గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే బేస్ గిటార్ తెచ్చేదాకా ఎక్కువమంది మనిషంత ఎత్తుండే డబుల్ బేస్‌నే నిలబెట్టి వాయించేవాళ్లు. ఈ కొత్త వాద్యం మెడ మీద మెట్లు, అంటే తీగల కింద అడ్డంగా బిగించిన లోహపు పట్టీలు, ఉండటంతో స్వరం ఖచ్చితంగా దొరికింది, భుజానికి తగిలించుకొని తిరగడానికి వీలయింది. దాన్ని మాట్లాడించినవాడు జేమ్స్ జేమర్సన్. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే కంపెనీ స్టూడియోలో 1960లలో ఒకదాని వెనక ఒకటి వచ్చిన హిట్లలో లెక్కలేనన్నిటికి ఆయనే బేస్. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. పాతబడ్డ తీగల మందమైన మోతే ఆయనకు కావాలి. ఈ సంగతి చదివినప్పుడు నాకు హన్మకొండ పొయ్యి మీది గిన్నె గుర్తొచ్చింది. ఒకాయన తీగల మురికిని దాచుకున్నాడు, ఇంకొకాయన ఉడికించి వదిలించుకున్నాడు. ఇద్దరూ తమ మోత తమకు తెలిసినవాళ్లే.

జేమర్సన్ పేరు మోటౌన్ పెద్ద ఆల్బమ్ ఒకదాని మీద మొదటిసారి అచ్చయింది 1971లో, మార్విన్ గే పాడిన వాట్స్ గోయింగ్ ఆన్ మీద. అప్పటికి పదేళ్లకు పైగా ప్రపంచమంతా ఆయన వేళ్లకు అడుగులేస్తోంది. 1983లో ఆ కంపెనీ ఇరవై అయిదేళ్ల పండగను టీవీ కోసం ఘనంగా చేస్తే ఆయనకు పిలుపు లేదు. టికెట్ కొనుక్కొని పై బాల్కనీలో కూర్చొని చూశాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. అదే ఏడాది ఆగస్టులో, 47 ఏళ్ల వయసులో పోయాడు. నేను ఆ బాల్కనీ సంగతి చదివాక పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. కింద స్టేజీ మీద మోగుతున్న పాటల్లో తన వేళ్లు కనిపెట్టిన వరుసలు ఉన్నాయి. అవి తనవని పక్క సీటువాడికి తెలియదు.

ఆస్టన్ బారెట్ అయితే కోర్టు దాకా వెళ్లాడు. జమైకా గాయకుడు బాబ్ మార్లీ పాటల్లో మనల్ని ఊపే ఆ నిదానమైన బేస్ ఆయనది, డ్రమ్ములు ఆయన తమ్ముడు కార్ల్‌టన్‌వి. రాయల్టీలో తమకు రావాల్సిన వాటా కోసం లండన్ కోర్టులో పోరాడి 2006లో ఓడిపోయాడు. 2024లో చనిపోయాడు. కోర్టు లెక్క కోర్టుది. నా లెక్కలో ఆ పాటల్లోంచి బేస్ తీసేస్తే రెగే అనే ఆ సంగీతమే మిగలదు, పదాలు మిగులుతాయి.

కెరోల్ కేది ఇంకో దారి. లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో గిటార్ వాయించే ఈమె 1963లో ఒకరోజు బేస్ వాయించే మనిషి రాకపోతే ఆ కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత వేల రికార్డింగులు. 2025లో రాక్ సంగీతకారులను సత్కరించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెకు గౌరవం ప్రకటిస్తే తొంభై ఏళ్ల వయసులో అక్కర్లేదు, రాను అని చెప్పింది. స్టూడియోలో కలిసి పనిచేసే కళాకారుల పనిని ఆ గౌరవం చూపించదన్నది ఆమె బాధ. నాకు ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది. ఆలస్యంగా ఇచ్చే శాలువాకు అందరూ తల వంచాలని లేదు.

మన పాటలకు వద్దాం. ఇళయరాజా బేస్‌ను తెలుగు ఇళ్లలోకి తెచ్చినంతగా ఇంకెవరూ తేలేదని నా గట్టి నమ్మకం. ఆయన ప్రతి వాద్యానికీ స్వరాలు తానే రాసి ఇస్తాడు, బేస్‌కు కూడా. పల్లవి ఒక దారిలో పోతుంటే కింద బేస్ ఇంకో పాట పాడుతున్నట్టు ఎదురు నడుస్తుంది. ఎనభైల నాటి ఆ పాటలు మా ఇంట్లో టేప్ రికార్డర్‌లో అరిగిపోయేదాకా విన్నాం. కాగితం మీద ఉన్న స్వరాలకు ప్రాణం పోసి ఏళ్ల తరబడి వాయించిన శశిధరన్ పేరు మాత్రం నాకు ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది. ఆ పాటలు పాడినవాళ్లు, రాసినవాళ్లు, నటించినవాళ్లు, అందరి పేర్లూ చిన్నప్పుడే నోటికి వచ్చు. ఇదొక్కటి రాలేదు.

కీత్ పీటర్స్ పేరు మాత్రం తెలుసు. ఎందుకు తెలుసంటే ఎ.ఆర్. రెహమాన్ వాయించినవాళ్ల పేర్లు క్యాసెట్ల మీద, సీడీల మీద అచ్చు వేయించడం మొదలుపెట్టాడు. సన్న అక్షరాలు, కళ్లకు దగ్గరగా పెట్టుకొని చదవాలి. వరంగల్ చౌరస్తాలో కొన్న క్యాసెట్ కాగితం మడతలు విప్పి, "బేస్ గిటార్: కీత్ పీటర్స్" అన్న వరుస మీద వేలు పెట్టి అన్నకు చూపించాను. ఆయన ఆ కాగితాన్ని తీసుకొని చాలాసేపు చూసి, మడతలు చెడకుండా మళ్లీ మడిచి ఇచ్చాడు. ఒక్క వరుస అచ్చు వేసినందుకే ఎక్కడో మద్రాసులో వాయించే మనిషి వరంగల్ కుర్రాడికి గురువు అయ్యాడు. ఆ తర్వాత నేను ఆ పాటల్లో గొంతు కంటే ముందు ఆయన కోసం వినడం నేర్చుకున్నాను. ఈ రోజు ముంబై అమ్మాయి మోహినీ దే బేస్ భుజాన వేసుకొని ప్రపంచమంతా తిరుగుతోందంటే సంతోషమే. కానీ ముందు నిలబడి మెరుపులా వాయించే బేస్‌కు చప్పట్లు దొరకడం ఎప్పుడూ సులువే. నేను అడిగేది వెనక కూర్చొని పాటను మోసేవాళ్ల గురించి.

కింది మోత మనకు గిటార్‌తో వచ్చింది కూడా కాదు. మా అమ్మ ఊళ్లో ఎల్లమ్మ పండుగకు బైండ్లవాళ్లు కథ చెప్పడానికి వచ్చేవాళ్లు. కథ చెప్పే ఆయన పక్కన జమిడిక పట్టుకొని ఒకాయన. గుండ్రటి డబ్బా లాంటి ఒళ్లు, ఒకవైపు తోలు, ఆ తోలు మధ్యలోంచి వచ్చే నరం, దాని చివర పట్టుకోవడానికి చిన్న కట్టె. ఒక చేత్తో నరాన్ని బిగిస్తూ వదులుతూ ఇంకో చేత్తో మీటుతుంటే స్వరం జారుతుంది, మూలుగుతుంది, ప్రశ్న అడుగుతుంది. రేణుక తల తెగే ఘట్టంలో కథ చెప్పే ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు జమిడిక ఒక్కటే కిందికి జారుతూ పోయింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత మెట్లు లేని బేస్ గిటార్ మీద వేలు జార్చి వాయించడం వింటే నాకు వెంటనే ఆ రాత్రి గుర్తొచ్చింది. కథ చెప్పిన ఆయన పేరు మా మామయ్యకు ఇప్పటికీ తెలుసు. జమిడిక ఆయన ఎవరని అడిగితే "ఆయన వెంట వచ్చేటోడు" అన్నాడు.

అన్న సంగతి చెప్పాలి. ఒక పెళ్లిళ్ల సీజన్‌లో ప్రోగ్రాంలు మాట్లాడే ఆయన వచ్చి, "కీబోర్డుల ఎడమ చేత్తోని బేస్ వస్తది కద, ఇంకో మనిషెందుకు?" అన్నాడు. ఎవరూ గట్టిగా ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఆ తప్పు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎడమ చేత్తో బాగా వాయించేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆ చెయ్యి కార్డూ పట్టాలి, బేసూ చూడాలి. రెండింటి మధ్య చిక్కి స్వరాన్ని సాగదీయాల్సిన చోట సాగదీయలేదు, కోయాల్సిన చోట కోయలేదు. ఆ సీజన్ నుంచి మా పాటలు పలచబడ్డాయి. జనం లేచి ఆడడం తగ్గింది. సౌండ్ బాగాలేదని బాక్సులు మార్చారు, అద్దె పెరిగింది. ఆ పెరిగిన అద్దెతో అన్నను మూడు రోజులకు ఒకసారి పిలవొచ్చు.

ఆయన ఇప్పుడు మోటారు వైండింగ్ షాపులో పనిచేస్తాడు. రాగి తీగను చుట్లు చుట్లుగా, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా చుట్టే పని. బేస్ అమ్మలేదు. ఇంట్లో బీరువా పక్కన, పాత దుప్పటి చుట్టి నిలబెట్టి ఉంది.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. యాంకర్ చేతికి ఇచ్చే కాగితం మీద బేస్ వాయించే మనిషి పేరు కూడా ఉండాలి. యూట్యూబ్‌లో జానపద పాట పెట్టేవాళ్లు వీడియో కింద డ్రోన్ ఆపరేటర్ పేరు, మేకప్ పేరు, సహకారం అంటూ ఇరవై పేర్లు రాస్తున్నారు. అందులో ఒక వరుస బేస్‌కు ఇవ్వాలి. కంప్యూటర్‌లో ప్రోగ్రాం చేస్తే చేసినవాడి పేరే రాయండి, దాన్ని కూడా ఎవరో ఒక మనిషే ఆలోచించి పెట్టాడు. పైసలు కీబోర్డుతో సమానంగా ఇవ్వాలి.

నా వంతుగా ఒక పని మొదలుపెట్టాను. మా ఇంట్లో జాతర పాటలవి, మల్లన్న పాటలవి, జానపదాలవి పాత క్యాసెట్లు పదిహేను ఉన్నాయి. కొన్నిటికి అన్నే హైదరాబాద్ వెళ్లి వాయించి వచ్చాడు. మిగతావాటికి ఆయనకు తెలిసినవాళ్లు వాయించారు. ఏ కాగితం మీదా బేస్ అన్న మాటే లేదు. పోయిన నెల ఆదివారం ఆ సంచి పట్టుకొని ఆయన ఇంటికి వెళ్లాను. ఒక్కోటీ టేప్ రికార్డర్‌లో పెట్టి, కళ్లు మూసుకొని విని, వేలు కదిలే తీరును బట్టి ఇది ఫలానా ఆయన అని చెప్తుంటే నేను నల్ల పెన్నుతో కాగితం మూల రాశాను. వదిన చాయ్ తెచ్చి పెట్టి, తనూ కాసేపు కూర్చొని విన్నది. తీగల గిన్నె ఇంకా అదే కిటికీలో ఉంది.

పదమూడు అయ్యాయి. రెండు మిగిలాయి. వాటిలో ఒకదాన్ని అన్న మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. "మంచిగ వాయించిండు. బాగ తెలిసిన చెయ్యే" అన్నాడు. పేరు గుర్తుకు రాలేదు.